చిన్న సేవాసంస్థకి జీతం తీసుకునే డైరెక్టర్ అవసరమా? మా బోర్డులో పెద్ద గొడవ, మీరేమంటారు

లీడ్స్_బెజవాడ:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి. పదేళ్ళ కింద తొమ్మిదిమంది ఫ్రెండ్స్ కలిసి ఇంగ్లండులో ఒక చిన్న ఛారిటీ పెట్టాం. ప్రకాశం జిల్లాలో ఒక లోకల్ ట్రస్టు ద్వారా ఆడపిల్లల హాస్టల్ ఒకటి, మూడు ఊళ్ళల్లో సాయంత్రం ట్యూషన్లు నడుస్తాయి. ఇండియాకి పంపేది ఏడాదికి 36 లక్షల దాకా. అక్కడ అంతా చూసుకునేది ఒక కోఆర్డినేటర్ మేడం, నెలకి 14 వేలు ఇస్తాం, పేరుకి మాత్రం పార్ట్ టైమ్. ఆవిడ కిందటి నెల మానేస్తానన్నారు. అప్పుడు నేను ఒక ప్రపోజల్ పెట్టా, ఆవిడనే ఫుల్ టైమ్ డైరెక్టర్ చేద్దాం, నెలకి 45 వేలు ఇద్దాం, చిన్న ఖర్చులకి మనల్ని అడగాల్సిన పన్లేకుండా అధికారం ఇద్దాం అని. అంతే, గ్రూపులో అగ్గి రాజుకుంది. సంస్థకి ఆద్యుడు మా అన్నయ్య (సొంత అన్న కాదు, అందరం అలా పిలుస్తాం) ఒకటే మాట, "పదేళ్ళనుంచి నేను ఒక్క పౌను తీసుకోలేదు, సేవకి జీతం ఏంటి?" ఒకాయన రాజీనామా కూడా పంపేశాడు. తప్పు నాదేనా?

నిక్కచ్చి_నాయుడు:
మీ అన్నయ్యదే రైటు. నేను నెలనెలా ఒక సంస్థకి 3 వేలు కడతా, అది పిల్లల పుస్తకాలకి అని కడతా గానీ డైరెక్టర్ గారి ఇంటి అద్దెకి కాదు. మొదట డైరెక్టర్ అంటారు, తర్వాత డైరెక్టర్ కి ఒక అసిస్టెంట్, తర్వాత కారు, తర్వాత హైదరాబాద్ లో స్టార్ హోటల్లో పేదరికం మీద సెమినార్. చూళ్ళేదా ఎన్ని! జీతం కావాలంటే ఉద్యోగం చేసుకోవాలి, సేవ అంటే సేవే.

ఫీల్డులో_పదహారేళ్ళు:
నాయుడు గారూ మీరు కోపం తెచ్చుకోకండి, ఒక్కటి అడుగుతా. లీడ్స్ గారి అన్నయ్య టైపు వాళ్ళందరూ సేవ ఉచితంగా ఎలా చేయగలుగుతున్నారు? వాళ్ళకి ఇంకోచోట జీతం వస్తోంది కాబట్టి. ఆదివారం సాయంత్రం రెండు గంటలు జూమ్ లో కూర్చుంటారు, అది కూడా విలువైనదే, కాదనను. కానీ రాత్రి పదకొండింటికి హాస్టల్లో పిల్లకి జొరం 103 ఉంటే ఆటో మాట్లాడుకుని ఒంగోలు పట్టుకెళ్ళేది ఆ 14 వేల మనిషి. పార్ట్ టైమ్ హాస్టల్ అని ఎక్కడైనా ఉంటుందాండీ? పిల్లలు పార్ట్ టైమ్ నిద్రపోతారా? జీతం లేకుండా పని చేయగలిగేవాళ్ళే నాయకులు అయితే, ఎప్పటికీ డబ్బున్న ఇళ్ళవాళ్ళే నాయకులవుతారు, మా ఊరి పిల్ల డిగ్రీ చదివి వచ్చినా కోఆర్డినేటర్ దగ్గరే ఆగిపోతుంది.

ధర్మవరం_జరీ:
ఏమప్పా అందరూ జీతం జీతం అంటాండారు, మా అనంతపురం సంగతి చెప్పల్ల. విన్సెంట్ ఫెర్రర్ సారు 1952లో స్పెయిన్ నుంచి పాదిరీగా ఇండియాకి వచ్చినాడు, మహారాష్ట్రలో మన్మాడ్ కాడ రైతులతో పని చేస్తాంటే 1968లో దేశం నుంచి పంపించేసినారు, మళ్ళా 1969లో మా కరువు సీమకి వచ్చి ఆర్డీటీ అని పల్లెల కోసం పనిచేసే సంస్థ పెట్టినాడు. తర్వాత మత గురువు పని వదిలేసి ఆన్ అమ్మని పెండ్లి చేసుకున్యాడు. 2009లో పోయేదాంక ఈడనే బతికినాడు, సమాధి కూడా బత్తలపల్లిలోనే. మా వైపు ఎన్ని ఇండ్లల్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో ఉంటాదో వచ్చి చూడండి. ఆయన జీతం ఎంత అని ఎవరన్నా అడిగినారా? ఈడ ఉన్నాడా లేదా, అదే చూసినారు. ఎండాకాలం మా దుమ్ములో ఉండేటోడే నాయకుడు, లీడ్స్ లో చలిలో ఉండి వాట్సాప్ కొట్టేటోడు కాదు. (బెజవాడన్నా నిన్ను కాదులే.)

నిక్కచ్చి_నాయుడు:
జరీ గారు, మీ ఉదాహరణ నా వైపే పడుతోంది కదా. ఆయన జీతం కోసం వచ్చాడా?
ఇంకో మాట. ఆయన పోయాక భార్య, తర్వాత కొడుకు మోంచో గారు. మంచివాళ్ళే, ఒప్పుకుంటా. కానీ సేవాసంస్థకి కూడా వారసత్వమేనా అని రాజకీయ నాయకుల్ని తిట్టే మనం అడగొద్దా?

ధర్మవరం_జరీ:
అడుగు, తప్పేముంది. కానీ ఆ కొడుకు అనంతపురంలోనే పుట్టి పెరిగినాడు, తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు. ఢిల్లీ నుంచి తెచ్చి పెట్టిన ఎంబీయే వాడికన్నా ఆయనే మేలు కదా మాకు. అయినా అది వేలమంది పనిచేసే సంస్థ, వీళ్ళది ఒక హాస్టల్. ఆ కొలత దీనికి సరిపోదు, ఎత్తింది నేనే అనుకో 😀

ఆడిట్_బాబాయ్:
ఎమోషన్ పక్కన పెట్టండి, రూల్స్ చెప్తా, సగం గొడవ అక్కడే తీరిపోద్ది.
ఇంగ్లండులో ట్రస్టీ అనేవాడు ట్రస్టీగా చేసినందుకు మామూలుగా జీతం తీసుకోకూడదు, సంస్థ నిబంధనావళిలో ఉంటేనో అక్కడ ఛారిటీల మీద అజమాయిషీ చేసే ఛారిటీ కమిషన్ ఒప్పుకుంటేనో తప్ప. రైలు ఛార్జీల్లాంటి ఖర్చులు తీసుకోవచ్చు. అంటే మీ అన్నయ్య పౌను తీసుకోకపోవడం త్యాగమే గానీ చట్టం కూడా అదే చెప్తోంది. ఉద్యోగికి జీతం ఇవ్వడానికి అడ్డు లేదు. రెండూ వేరు వేరు కుర్చీలు, మీ గ్రూపులో రెంటినీ కలిపేసి తిట్టుకుంటున్నారు.
ఇక ఇండియా వైపు విదేశీ చందాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. డైరెక్టర్ జీతం ఈ 20 లోకే వస్తుంది, టీచర్ జీతం, డాక్టర్ జీతం రావు. మీ 36 లక్షల మీద 20 శాతం అంటే 7 లక్షల 20 వేలు. 45 వేల చొప్పున ఏడాదికి 5 లక్షల 40 వేలు పోతే మిగిలేది లక్షా 80 వేలు, అందులోనే ఆఫీసు అద్దె, అకౌంటెంటు, ఆడిట్ ఫీజు. పడుతుంది కానీ ఊపిరాడదు.
ఇంకోటి ఎవరూ అడగట్లేదు. ఆ లోకల్ ట్రస్టుకి దాని సొంత బోర్డు ఉంటుంది కదా? చట్టప్రకారం డైరెక్టర్ ని వేయాల్సింది వాళ్ళు, మీ తొమ్మిదిమంది కాదు. మీరు డబ్బిచ్చేవాళ్ళు, అంతే. అదే సవరణతో ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకి మళ్ళించడం కూడా బంద్, కాబట్టి "పక్క ట్రస్టు ద్వారా జీతం ఇప్పిద్దాం" లాంటి తెలివితేటలు చూపించకండి.

టెక్సాస్_ఆవకాయ:
బాబాయ్ లెక్కలు సూపర్. నేను ఇక్కడ ఆశా ఫర్ ఎడ్యుకేషన్ లో కొన్నేళ్ళు వాలంటీరుగా చేశా. 1991లో బర్క్లీలో స్టూడెంట్లు మొదలెట్టారు, ఇప్పటికీ నడిపేది వాలంటీర్లే. జీతం లేకుండా నడవదు అనేవాళ్ళకి ఇదే నా జవాబు. కానీ నిజాయితీగా చెప్పాలంటే, మేం చేసేది చందాలు పోగెయ్యడం, ప్రాజెక్టు చూసి ఎంచుకోవడం. ఇండియాలో స్కూలు నడిపేవాళ్ళకి జీతాలు ఉంటాయి. అంటే మోసేవాడికి కూలి ఇచ్చి, మోయించేవాళ్ళు ఊరికే చేస్తున్నారు, అదీ మోడలు.
ఆద్యుడు ఒక్కడే అన్నీ అయితే ఏమవుతుందో కూడా ఇక్కడ చూశాం. మోంటానాలో సెంట్రల్ ఏషియా ఇన్‌స్టిట్యూట్ అని, పాకిస్తాన్ అఫ్గానిస్తాన్ లో బడులు కట్టే సంస్థ. పెట్టిన మోర్టెన్సన్ గారే డైరెక్టరు, బోర్డులో కూడా ఆయనే, మొత్తం ముగ్గురే మెంబర్లు. 2012లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ చేసి రిపోర్టు ఇచ్చాడు, ఆయన 10 లక్షల డాలర్ల పైన సంస్థకి తిరిగి కట్టేట్టు, పదవి నుంచి దిగేట్టు ఒప్పందం అయ్యింది. బడులు కట్టలేదని కాదు, కట్టాడు. అడిగేవాడు లేడు, అదీ జబ్బు. లీడ్స్ బ్రో, మీ అన్నయ్యని ఎవరన్నా అడుగుతారా ఏదైనా?

లీడ్స్_బెజవాడ:
అడగం. నిజం చెప్తున్నా. ఆయన ఇంట్లోనే మీటింగు, వదిన పెసరట్లు వేస్తారు, తిన్నాక ఎవడు అడుగుతాడు. నేను ఈ ప్రపోజల్ మెయిల్ లో పెట్టిందే అందుకు, ఇంట్లో నోరు పెగలదు.
మేడం ఎందుకు మానేస్తానన్నారో రాయలేదు, రాస్తా. మే నెలలో హాస్టల్ బోరు మోటర్ కాలిపోయింది. రూల్ ఏంటంటే 5 వేలు దాటితే బోర్డు అప్రూవల్. ఆవిడ గ్రూపులో పెట్టారు. ఒకరు మూడు కొటేషన్లు తెమ్మన్నారు, ఒకరు సోలార్ మోటర్ అయితే ఎలా ఉంటుందని ఒక యూట్యూబ్ వీడియో పెట్టారు, ఒకరు సెలవులకి స్పెయిన్ లో ఉన్నారు, ఇంకొకరు థంబ్స్ అప్ పెట్టారు కానీ అది వీడియోకో కొటేషన్ కో తెలీదు. 11 రోజులు. మే నెల, ప్రకాశం జిల్లా, సెలవులకి ఇంటికి పోలేని పిల్లలు 40 మంది. ఆవిడ సొంత డబ్బుతో ట్యాంకర్ తెప్పించారు, ఆ బిల్లు పెడితే "ముందు అడగాల్సింది" అని ఒకరు రాశారు. ఆ ఒకరు నేనే. తర్వాత మెసేజ్ డిలీట్ చేశా, కానీ ఆవిడ చదివేశారు.

ఫీల్డులో_పదహారేళ్ళు:
ఒప్పుకున్నందుకు థాంక్స్ అండీ. మాకు అలవాటే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు ఉంటుంది మా బతుకు, డబ్బు పంపరు, పంపేదాకా మమ్మల్ని ఏమీ చెయ్యనివ్వరు. పైగా ఎవరైనా దాత వస్తే పిల్లలతో డాన్స్ నేర్పించి వెయ్యించాలి, ఫోటోల్లో ఫ్లెక్సీ కనపడాలి. 45 వేలు ఇచ్చినా ఈ 5 వేల రూల్ ఉంటే నేనైతే చేరను.

జహీరాబాద్_జొన్నరొట్టె:
ఇంత లొల్లి అవుతుంది గని, హాస్టల్ పిల్లల అమ్మలను ఎవరన్న అడిగిన్రా? మా దగ్గర డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) ల 1983 సంది ఆడోళ్ళ సంఘాలు కూసొని మాట్లాడుకునుడే. మాచనూరుల 2008ల రేడియో పెడితే మైకు ముంగట కూసున్నది ఊరి దళిత ఆడోళ్ళే, పట్నం నుంచి యాంకర్లను తేలే. డైరెక్టర్ కు జీతం ఇయ్యున్రి, ఇయ్యకున్రి, ఆ బోర్డుల ఇద్దరు తల్లులను కూసోబెట్టున్రి. నీళ్ళు రాకపోతె 11 దినాలు ఊకుంటరా వాళ్ళు?

నిక్కచ్చి_నాయుడు:
సరే, మోటర్ కథ విన్నాక నా గొంతు కొంచెం తగ్గింది. ఐనా నా పాయింటు వదలను. జీతం ఇవ్వండి, కానీ ఆ అంకె దాతలకి చెప్పండి. దాచిపెట్టి "100 శాతం పిల్లలకే" అని పోస్టర్ వేస్తేనే నాకు మండేది. నేను కట్టే సంస్థ వెబ్‌సైట్లో అదే రాసుంది, ఇప్పుడు డౌటొస్తోంది, వాళ్ళ కోఆర్డినేటర్ ఎవరి డబ్బు తింటున్నాడో.

ఆడిట్_బాబాయ్:
"100 శాతం" అంటే మామూలుగా ఏదో ఒక పెద్దమనిషి ఆఫీసు ఖర్చంతా విడిగా కడుతున్నాడని అర్థం. లేదా ఎవరికో 14 వేలే ఇస్తున్నారని. ఇంగ్లండు ఛారిటీల లెక్కలు కమిషన్ రిజిస్టర్ లో ఎవడైనా చూసుకోవచ్చు, అమెరికా వాళ్ళవి పన్ను శాఖకి ఇచ్చే 990 ఫారంలో, డైరెక్టర్ల జీతంతో సహా. నాయుడు గారూ, ముందు అవి చూసి తర్వాత తిట్టండి.

లీడ్స్_బెజవాడ:
అప్డేట్. నిన్న మీటింగ్ అయ్యింది, ఈసారి పెసరట్లు లేవు, లైబ్రరీలో రూమ్ తీసుకున్నాం. బాబాయ్ చెప్పినట్టు ఇంకో చిక్కు బయటపడింది, అక్కడి ట్రస్టు బోర్డులో ఐదుగురుంటే నలుగురు మా అన్నయ్య చుట్టాలే, వాళ్ళు చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో మినిట్స్ పుస్తకంలో కూడా లేదు. ఇద్దరు తల్లుల్ని తీసుకోవడానికి అన్నయ్య ఒప్పుకున్నారు, ముఖం అదోలా పెట్టి. జీతం 45 కాదు 32 దగ్గర ఆగింది, దాతలకి పంపే లెటర్లో ఆ అంకె రాస్తాం. నేను మేడంకి ఫోన్ చేసి సారీ చెప్పా, ఆవిడ "పర్లేదు సార్" అన్నారు, అది పర్లేదు కాదని తెలుసు. ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచించి చెప్తానన్నారు.

ఫీల్డులో_పదహారేళ్ళు:
బోర్డుని అడక్కుండా ఆవిడ ఎంతవరకు ఖర్చు పెట్టచ్చు?

లీడ్స్_బెజవాడ:
10 వేలు. నేను 50 అడిగా.

ఫీల్డులో_పదహారేళ్ళు:
పాత మోటర్ వైండింగ్ చేయించడానికి సరిపోతుంది. కొత్తది కొనాల్సొస్తే మళ్ళీ గ్రూపే.