“అంతమంది ఉండి ఎదురెందుకు తిరగలేదు సార్?” – ఈ ప్రశ్నకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: సోషల్ సారు, జమ్మలమడుగు

జమ్మలమడుగు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. పోయిన వారం తొమ్మిదో తరగతికి నాజీ జర్మనీ పాఠం చెబుతూ, 1935 న్యూరెంబర్గ్ చట్టాలతో పౌరసత్వం పోగొట్టుకున్న యూదుల కథ పదేళ్లు తిరిగేసరికి ఐరోపా అంతటా సుమారు 60 లక్షల మంది హత్య దాకా పోయిందని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, “అంతమంది ఉండి ఎదురెందుకు తిరగలేదు సార్? మా ఊర్లో అయితే ఒక్కడైనా వేటకొడవలి ఎత్తకుండా ఉంటాడా?” అని అడిగాడు. తరగతంతా నవ్వింది గాని, వాడు నవ్వులాటకు అడగలేదు.

1943లో పోలెండు రాజధాని వార్సాలో, యూదులను కుక్కి మూసేసిన ఘెట్టో అనే వాడలో తిరుగుబాటు జరిగిందని నేను చెబుతుండగానే గంట కొట్టారు. ఆ జవాబు నాకే రుచించలేదు. ఆయుధం పట్టినవాళ్లు ఏడు వందల మంది, చనిపోయినవాళ్లు లక్షల మంది అని చెబితే వాడి ప్రశ్న బలపడుతుందే తప్ప తీరదు. పద్నాలుగేళ్ల పిల్లలకు అబద్ధం కాకుండా, సాకు చెప్పినట్టూ కాకుండా ఎలా చెప్పాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, అనంతపురం

సార్, తమను ఎక్కడికి తీసుకుపోతున్నారో వాళ్లకు ముందే తెలుసునన్న భావన ఆ పిల్లవాడి ప్రశ్నలో ఉంది. మొదట దాన్ని విప్పి చూపించండి. వార్సాలో 1940 నవంబరులో గోడ కట్టి మూసేసిన ఘెట్టోలో, మూడున్నర చదరపు కిలోమీటర్లయినా లేని చోట, మన కడప నగర జనాభాను మించి, నాలుగు లక్షల మందికి పైగా కుక్కారు. 1941లో అక్కడ మనిషికి అధికారికంగా ఇచ్చిన రేషన్ రోజుకు రెండు వందల క్యాలరీలకు లోపే. ఒక పెద్ద జొన్నరొట్టె తింటే దాదాపు అంత వస్తుంది. దొంగచాటుగా తిండి తేకపోతే ఎవరూ బతకరు. గోడ కింది కంతల్లోంచి దూరి అవతల నుంచి బ్రెడ్డు, ఉర్లగడ్డలు తెచ్చినవాళ్లలో చాలామంది ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలే; వాళ్లను కాల్చి చంపేవారు. అయినా చంపే శిబిరాలకు రైళ్లు మొదలుకాక ముందే ఆకలికీ జ్వరాలకూ ఎనభై వేల మందికి పైగా పోయారు.

అటువంటి చోట 1942 జులై 22న “తూర్పు ప్రాంతాలకు తరలింపు” అని ప్రకటించారు. తమంతట తాము రైలుకు వచ్చినవారికి మూడు కిలోల బ్రెడ్డు, ఒక కిలో జామ్ ఇస్తామని గోడల మీద కాగితాలు అంటించారు. ఏడాదిన్నరగా కడుపునిండా తినని తల్లి, చంపదలచుకున్నవాడు బ్రెడ్డు ఎందుకు ఇస్తాడనే అనుకుంటుంది. సెప్టెంబరు 21 లోపల సుమారు 2,65,000 మందిని ట్రెబ్లింకా అనే మరణశిబిరానికి పంపారు.

ఇంకొక లెక్క కూడా చెప్పండి. జర్మన్ల చేతికి ఖైదీలుగా చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు, వారిలో 33 లక్షల దాకా చనిపోయారు. వాళ్లంతా యుద్ధవిద్య నేర్చిన వయసు మగవాళ్లే గదా? వాళ్లు ఎందుకు ఎదురు తిరగలేదని ఎవరూ అడగరు.

జవాబు: పుస్తకాల పురుగు, కర్నూలు

ఆకలి సంగతి మన సీమవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1876 నాటి ధాత కరువును తాతల నోట విన్న ఇండ్లు ఇంకా ఉన్నాయి. పిల్లలకు అక్కడి నుంచి మొదలుపెడితే తొందరగా అర్థమవుతుంది.

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, అనంతపురం

మొదలుపెట్టండి గాని, అక్కడే ఆగకండి. ధాత కరువులో దొరతనం చూపిన నిర్దయ తక్కువది కాదు; అయినా ఒక జాతినంతా లేకుండా చేయాలని అధికారులు పోగై ప్రణాళిక వేయడం వేరు. 1942 జనవరి 20న బెర్లిన్ దగ్గర వాన్‌సీలో పదిహేను మంది అధికారులు కూర్చుని మాట్లాడుకున్నది ఆ పనిని శాఖల మధ్య సర్దుకోవడానికే.

తేడా తెలియాలంటే మీ పాత కర్నూలు జిల్లా మనిషినే ఉదాహరణగా తీసుకోండి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమంది కడుపు నింపితే జనం ఆయన మీద పాటలు కట్టారు, బ్రిటిష్ ప్రభుత్వం పతకమిచ్చి గౌరవించింది. ఆక్రమిత పోలెండులో 1941 అక్టోబరు నుంచి, ఘెట్టో దాటిన యూదుడికే కాదు, వాడికి ఇంట్లో చోటిచ్చినవాడికి కూడా మరణశిక్షే. చాలా చోట్ల ఇంటిల్లిపాదినీ చంపారు. అదే డెన్మార్కులో పొరుగువారికి అంత కఠినమైన శిక్ష లేదు, ఎదురుగా యుద్ధంలో చేరని స్వీడన్ ఉంది. 1943 అక్టోబరులో చేపల పడవల్లో ఏడు వేల మందికి పైగా దాటించగలిగారు. బతకడమన్నది యూదుల ధైర్యం ఒక్కదాని మీదే నిలవలేదు.

జవాబు: మాజీ సుబేదారు, ప్రొద్దుటూరు

మాస్టారూ, ఆ పిల్లవాడి వేటకొడవలికి జవాబు నేను చెబుతాను. 1943 ఏప్రిల్ 19న తిరగబడిన ఘెట్టో యువకుల చేతుల్లో ఉన్నవి ప్రధానంగా పిస్తోళ్లు, నాటు బాంబులు, పెట్రోలు నింపిన సీసాలు. పిస్తోలు ఒక గది అవతల దాకా పనికొస్తుంది, అంతే. వాళ్ల నాయకుడు మొర్దెకాయ్ అనియెలెవిచ్‌కు పాతికేళ్లయినా లేవు. జర్మన్లు ఫిరంగులు దించి, చివరికి ఇల్లిల్లూ తగలబెట్టుకుంటూ వచ్చినా, మే 16 దాకా, అంటే దాదాపు నాలుగు వారాలు, పని పూర్తికాలేదు. 1939లో పోలెండు దేశ సైన్యమంతా కలిసి నిలబడింది ఐదు వారాలు. ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసి చూపండి.

సోబిబోర్ శిబిరం సంగతి కూడా చెప్పండి. 1943 సెప్టెంబరులో అలెగ్జాండర్ పెచెర్స్కీ అనే సోవియట్ అధికారి అక్కడికి ఖైదీగా వచ్చాడు. మూడు వారాల్లో పథకం సిద్ధమైంది. అక్టోబరు 14 సాయంత్రం, కొత్త కోటు కొలత చూసుకొమ్మనీ బూట్లు తొడిగి చూసుకొమ్మనీ కాపలా ఉన్న ఎస్.ఎస్. అనే నాజీ దళం వాళ్లను ఒక్కొక్కరినే దర్జీ కొట్టుకూ చెప్పుల కొట్టుకూ పిలిచి గొడ్డళ్లతో చంపారు. సుమారు మూడు వందల మంది కంచె దాటారు. యుద్ధం ముగిసేదాకా బతికినవారు యాభై మంది చిల్లర. తెలివి, నాయకుడు, పనిముట్టు మూడూ కుదిరిన రోజున వాళ్లు ఎవరికీ తీసిపోలేదు.

అయితే ఒక మాట. ఈమధ్య డైరీ రాసినా ప్రతిఘటనే, రహస్యంగా బడి నడిపినా ప్రతిఘటనే అంటున్నారు. అన్నిటికీ ఆ పేరు పెడితే ఆ మాటకు బరువు మిగలదు.

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, అనంతపురం

సుబేదారు గారితో సగం ఏకీభవిస్తాను. పిల్లల వైద్యుడు యానుష్ కోర్చాక్ ఘెట్టోలో తన అనాథాశ్రమం పిల్లలచేత 1942 జులై 18న ఠాగూర్ ‘డాక్‌ఘర్’ నాటకం ఆడించాడు. ఆగస్టు మొదటి వారంలో సుమారు రెండు వందల మంది పిల్లలతో తానూ రైలెక్కాడు. చావుకు దగ్గరైన పిల్లవాడి కథను ఆ పిల్లలచేత ఎందుకు ఆడించాడో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. అయినా అది ప్రతిఘటన అని నేను అనను. పిల్లలను విడిచిపెట్టకపోవడం అంటాను.

ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ సంగతి మాత్రం వేరు. ఆయన అరవై మంది దాకా మనుషులను రహస్యంగా కూడగట్టి, రేషన్ కార్డులు, మిఠాయి కాగితాలు, ట్రెబ్లింకా నుంచి తప్పించుకున్నవాడి వాంగ్మూలం అన్నీ పోగుచేయించాడు. నేరాన్ని దాచాలనుకున్నవాడికి దొరక్కుండా సాక్ష్యాన్ని దాచడం యుద్ధంలో ఒక భాగమే. 1942 ఆగస్టులో వాటిలో మొదటి భాగాన్ని రేకు పెట్టెల్లో పెట్టి ఒక బడి భవనం నేలమాళిగలో పాతిపెట్టింది ఒక ఉపాధ్యాయుడు, ఆయన పాత విద్యార్థులు ఇద్దరు. వాళ్లు ముగ్గురూ బతకలేదు. 1946లో ఆ పది రేకు పెట్టెలు, 1950లో రెండో భాగం దాచిన రెండు పాల క్యాన్లు బయటపడ్డాయి.

ప్రశ్న అడిగినవారు: సోషల్ సారు, జమ్మలమడుగు

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు మా ఊరి పాలకేంద్రం నుంచి నలభై లీటర్ల అల్యూమినియం క్యాను ఒకటి అడిగి తెచ్చి బల్ల మీద పెట్టాను. బ్రెడ్డు, జామ్ సంగతి చెప్పినప్పుడు తరగతిలో ఎవరూ నవ్వలేదు. సోబిబోర్ దర్జీ కొట్టు దగ్గర మాత్రం, సుబేదారు గారూ, చప్పట్లు కొట్టారు.

వేటకొడవలి పిల్లవాడు చప్పట్లు కొట్టకుండా లేచి వచ్చి, క్యాను మూత బిగించి, విప్పి చూసి, “మట్టిలో పెడితే నీళ్లు దిగవా సార్?” అన్నాడు. రేకు పెట్టెల్లోకి దిగి కాగితాలు నానిపోయాయని, క్యాన్లలోవి మాత్రం చాలావరకు నిలిచాయని చెప్పాను. మూడో భాగం ఒకటి ఇంకా దొరకలేదని చెబితే, ఎవరు పాతారు, చోటు తెలిసినవాళ్లు ఒక్కరైనా బతికారా అని అడిగాడు. ఆ బృందంలో బతికినవారు ముగ్గురే అన్నాను. పాలకేంద్రం వాళ్లు సాయంత్రం పాలకు క్యాను కావాలని మనిషిని పంపారు, ఇచ్చి వస్తాను.