పాత ల్యాప్‌టాప్‌కి రెండు మానిటర్లు: యూఎస్‌బీ అడాప్టర్ కొనాలా, అక్కర్లేదా?

గుంటూరు లెడ్జర్
అందరికీ నమస్కారం. మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. నా ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టీ440: నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తర్వాత వేయించిన ఎస్‌ఎస్‌డీ. టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, ఇవే నా పని. కొనుగోలు బిల్లుల్ని 2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా) సరిచూసేటప్పుడు ఒకే తెర మీద ఇటూ అటూ మారుతుంటే వరస తప్పిపోతోంది. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు రెండున్నాయి, రెండిటికీ హెచ్‌డీఎంఐ, వీజీఏ పోర్టులున్నాయి. ల్యాప్‌టాప్‌కి మాత్రం బొమ్మ బయటికి పంపే పోర్టులు రెండే: పాత అనలాగ్ రకం వీజీఏ ఒకటి, డిజిటల్ రకం మినీ డిస్‌ప్లేపోర్ట్ ఒకటి. షాపులో అడిగితే, ఇంత పాతదానికి ఒక్క మానిటరే వస్తుంది, రెండోదానికి యూఎస్‌బీ అడాప్టర్ తప్పదన్నారు. మా బావమరిదేమో అలాంటివి కొనడం డబ్బు తగలేయడమే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పార్క్‌లేన్ రిపేర్
షాపువాళ్ల మాట వినొద్దు లెడ్జర్ గారూ. సికింద్రాబాద్‌లో పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పని నాది. ఒక్క మానిటరే వస్తుందన్న మాట వినీ వినీ విసుగొచ్చింది. ఎన్ని తెరలు నడుస్తాయన్నది బయట కనిపించే పోర్టుల్ని బట్టి కాదు, లోపల గ్రాఫిక్స్‌లో ఉన్న డిస్‌ప్లే పైపుల్ని బట్టి. ఒక్కో పైపు ఒక్కో తెరకి బొమ్మ పంపుతుంది.

2011 నాటి రెండో తరం ఇంటెల్‌లో రెండే పైపులు. అంటే ల్యాప్‌టాప్ తెర, ఒక మానిటర్. లేదంటే ల్యాప్‌టాప్ తెర ఆపేసి రెండు మానిటర్లు. 2012లో మూడో తరంతో మూడు పైపులొచ్చాయి. కానీ అందులో ఒక చిక్కుంది: తెరకి బొమ్మ పంపే వేగాన్ని కుదిర్చే గడియార సంకేతం ఇచ్చే సర్క్యూట్లు రెండే. అందుకే మూడు తెరలు వెలగాలంటే కనీసం రెండు డిస్‌ప్లేపోర్ట్ తరహావి కావాలి, అవి ఒకే గడియారాన్ని పంచుకోగలవు. ఎన్ని కేబుళ్లు మార్చినా మూడో తెర వెలగలేదని మా దగ్గరికి తెచ్చే మూడో తరం మెషీన్లలో తరచూ కారణం ఇదే. నాలుగో తరంలో ఆ చిక్కు లేదు. మీ టీ440లో సొంత తెరతో కలిపి మూడూ వస్తాయి.

కావలసింది ఒక వీజీఏ కేబుల్, మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి ఒక చిన్న అడాప్టర్. వందల్లో అయిపోతుంది. పెట్టాక విండోస్ బటన్, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ (ఒక్కో తెరలో ఒక్కో బొమ్మ) ఎంచుకోండి.

ఇంకో సంగతి. ఎవరైనా హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ చూపిస్తే తీసుకోకండి. అది రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ చూపిస్తుంది. పెళ్లి మండపంలో రెండు టీవీలకైతే పనికొస్తుంది గాని ఒకదాంట్లో టాలీ, ఇంకోదాంట్లో ఎక్సెల్ కావాలంటే పనికిరాదు.

సరస్వతి కాకినాడ
పైపుల లెక్కతో నాకు పేచీ లేదు. వీజీఏతోనే ఉంది. రోజంతా అంకెలు చూసే మనిషికి వీజీఏ ఎలా చెబుతారండీ? డిజిటల్ బొమ్మని అనలాగ్ చేసి పంపుతారు, మానిటర్ దాన్ని మళ్లీ డిజిటల్ చేసుకుంటుంది. ఆ రెండు మార్పిళ్లలో అక్షరం అంచు చెదురుతుంది. 3కీ 8కీ తేడా కోసం కళ్లు చికిలించాల్సి వస్తే రెండో మానిటర్ పెట్టుకున్న లాభమేంటి? 2015కల్లా వీజీఏని వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో లాంటివాళ్లు 2010 డిసెంబరులోనే ప్రకటించారు.

పార్క్‌లేన్ రిపేర్
సరస్వతి గారూ, మంచి కేబుల్ పొట్టిది వాడి, మానిటర్ సొంత రిజల్యూషన్ 1920×1080 పెట్టి, తెర నిండా ఎక్సెల్ షీటు తెరిచి మానిటర్ మీద ఆటో బటన్ నొక్కండి. గీతలూ అక్షరాలూ నిండుగా ఉన్నప్పుడు నొక్కితేనే మానిటర్ సరిగ్గా కుదుర్చుకుంటుంది. ఖాళీ డెస్క్‌టాప్ మీద నొక్కి బాగాలేదనేవాళ్లే ఎక్కువ. ఇలా చేశాక 22 అంగుళాల్లో తేడా పట్టుకోవడం కష్టం.

సరస్వతి కాకినాడ
కష్టమేమో గాని అసాధ్యం కాదు. నేను రోజూ చూసే తేడానే చెబుతున్నాను. వీజీఏ మానిటర్‌లో పోర్టల్, డిజిటల్ మానిటర్‌లో అంకెల పని పెట్టుకుంటే ఒప్పుకుంటాను.

తీగల రామం
యూఎస్‌బీ అడాప్టర్ల మీద ఇంత కోపం ఎందుకో నాకర్థం కాదు. మా ఆఫీసులో డిస్‌ప్లేలింక్ (యూఎస్‌బీ మీదుగా మానిటర్‌కి బొమ్మ పంపే చిప్పు) ఉన్న డాక్‌ల (తీగలన్నీ ఒకేచోట తగిలించే పెట్టెలు) మీద అందరం ఎక్సెల్, మెయిల్ నడుపుతున్నాం, ఏ ఇబ్బందీ లేదు. లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ బొమ్మ సెకనుకి 60 సార్లు పంపాలంటే దాదాపు 300 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 48 కోట్లు. ఆ పోర్టులో పెట్టి మౌస్ వెనకబడుతోందంటే తప్పు అడాప్టర్‌ది కాదు. యూఎస్‌బీ 3.0 అయితే 500 కోట్లు. పైగా డిస్‌ప్లేలింక్ బొమ్మని కుదించి, మారిన భాగాన్నే పంపుతుంది. ఎక్సెల్‌లో ఒక గడి మారితే ఎంత మారినట్టు? టీ440లో యూఎస్‌బీ 3.0 ఉంది కదా.

మ్యాక్ వాడేవాళ్లని అడగండి. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి అధికారికంగా ఒక్క బయటి మానిటరే. రెండోది కావాలంటే డిస్‌ప్లేలింక్ లాంటిదే దిక్కు.

పార్క్‌లేన్ రిపేర్
రామం గారూ, ఎం1 విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. అక్కడ పైపులు లేవు, దారి లేదు. రెండో తరం ఇంటెల్‌కి మూడో తెర కావాలన్నా అంతే. కానీ టీ440లో పైపు ఖాళీగా ఉంది, పోర్టు ఖాళీగా ఉంది. ఉన్నదాన్ని వదిలేసి వేలు పోసి ఇంకో గ్రాఫిక్స్ చిప్పు బయట తగిలించుకోవడం ఎందుకు? ఆ కుదింపు పని చేసేది మీ ప్రాసెసరే. నాలుగో తరం యూ సిరీస్ (తక్కువ కరెంటు వాడే రకం) ఐ5లో కోర్లు రెండే. టాలీ, బ్రౌజర్, ఒక వీడియో కాల్ కలిసి నడిచే వేళ దాని మీద ఇంకో బరువు పెట్టడమే నాకు నచ్చనిది. డ్రైవర్ కూడా వేసుకోవాలి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక రెండో తెర నల్లబడిందని వచ్చే ఫోన్లు నాకు బాగా తెలుసు.

కొనాల్సే వస్తే పెట్టె మీద డిస్‌ప్లేలింక్ చిప్పు పేరు చదివి కొనండి. మామూలు యూఎస్‌బీ పోర్టుకి పెట్టే ప్రతి హెచ్‌డీఎంఐ అడాప్టరూ డిస్‌ప్లేలింక్ కాదు. అలాగే యూఎస్‌బీ టైప్ సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చవక అడాప్టర్ ఈ మెషీన్‌కి పనికిరాదు. డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్ని బయటికి పంపే టైప్ సీ పోర్టు ఉంటేనే అది నడుస్తుంది.

వైర్‌లెస్ మౌస్ వాడేవాళ్లకి ఒక మాట. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చే రేడియో అలజడి గురించి ఇంటెల్ 2012లోనే రాసింది. అడాప్టర్ పక్కనే మౌస్ డాంగిల్ (మౌస్ సంకేతం అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) ఉంటే బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంది. డాంగిల్‌ని ఒక పొడిగింపు తీగతో దూరం పెట్టండి.

ఒక్క పెద్ద తెర
రెండెందుకు? ఒక 27 అంగుళాల 2560×1440 మానిటర్ పెట్టుకుంటే ఎక్సెల్, పోర్టల్ పక్కపక్కనే పడతాయి, మధ్యలో చట్రం అడ్డం ఉండదు. మెడ తిప్పే పనీ తగ్గుతుంది.

పార్క్‌లేన్ రిపేర్
మంచి ఆలోచనే. కానీ ఆయన దగ్గర రెండు మానిటర్లు ఇప్పటికే ఉన్నాయి కదా. ఎవరైనా ఆ దారిలో వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి: చవక మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్లు చాలావరకు 1920×1200 దగ్గరే ఆగిపోతాయి. 1440కి మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి నేరుగా డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. 4కె మీద ఆశ పెట్టుకోవద్దు. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు 4కెలో సెకనుకి 30 సార్లే బొమ్మ మారుస్తాయి, మౌస్ కదిలిస్తేనే తెలిసిపోతుంది.

సరస్వతి కాకినాడ
అసలు వీజీఏ లేకుండానే రెండూ డిజిటల్ చేసుకోవచ్చు. టీ440 అడుగున డాక్ కనెక్టర్ ఉంది. దానికి సరిపోయే అల్ట్రా డాక్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. లోపల డిస్‌ప్లేపోర్ట్ 1.2లో వచ్చిన ఎంఎస్‌టీ పద్ధతి ఉంటుంది, ఒకే లైను మీద రెండు వేర్వేరు ఫుల్ హెచ్‌డీ బొమ్మలు పంపుతుంది. గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్‌దే, ప్రాసెసర్ మీద బరువు లేదు. పొద్దున్నే వచ్చి ల్యాప్‌టాప్‌ని దాని మీద నొక్కితే అన్నీ కలిసిపోతాయి. కొనేటప్పుడు డాక్ పవర్ అడాప్టర్ కూడా ఇస్తున్నారో లేదో చూసుకోండి.

తీగల రామం
ఇక్కడే నా అసలు అభ్యంతరం. ఆ డాక్ ఆ తరం థింక్‌ప్యాడ్‌లకే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. క్లయింట్ల జీఎస్టీ లాగిన్‌లు ఉన్న మెషీన్‌ని ఎన్నాళ్లు అలా నడుపుతారు? రేపు ల్యాప్‌టాప్ మారిస్తే డాక్ మూలన పడుతుంది. నేను చెప్పిన యూఎస్‌బీ అడాప్టర్ కొత్తదానికీ పనికొస్తుంది.

పార్క్‌లేన్ రిపేర్
భద్రత విషయంలో మీరన్నది నిజం, లెడ్జర్ గారు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ అదే లెక్కన ఇప్పుడు పెద్ద ఖర్చు ఏదీ పెట్టకూడదు, డాక్ కూడా. కొత్త ల్యాప్‌టాప్‌ని డిస్‌ప్లే పంపే టైప్ సీ ఉన్నది చూసి కొంటే రెండు మానిటర్లకి డిస్‌ప్లేలింక్ అవసరమే రాదు. వీజీఏ కేబుల్, చిన్న అడాప్టర్ తీసుకుని మిగిలిన డబ్బు కొత్త మెషీన్‌కి దాచుకోండి.

తీగల రామం
ఒప్పుకోను. చవక రకం కొత్త ల్యాప్‌టాప్‌లలో టైప్ సీ ఉన్నా దాంట్లో డిస్‌ప్లే ఉండనివి చాలా ఉన్నాయి. అప్పుడు మళ్లీ నా దారికే వస్తారు.

గుంటూరు లెడ్జర్
అందరికీ ధన్యవాదాలు. మినీ డిస్‌ప్లేపోర్ట్ అడాప్టర్ తెచ్చాను, వీజీఏ కేబుల్ మానిటర్ పెట్టెలోనే ఉంది. మూడు తెరలూ వెలిగాయి. సరస్వతి గారు చెప్పినట్టు టాలీ, ఎక్సెల్ డిజిటల్ వైపు పెట్టి పోర్టల్‌ని వీజీఏ వైపు పెట్టాను. ఎక్సెల్ తెరిచి ఆటో నొక్కాక ఆ వైపు అక్షరం కూడా చదవడానికి బాగానే ఉంది.

రామం గారూ, మార్చి లెక్కలు ముగిశాక కొత్త ల్యాప్‌టాప్ తీసుకుందామనుకుంటున్నాను. టైప్ సీలో డిస్‌ప్లే ఉందో లేదో షాపులో పెట్టె తెరవకముందే ఎలా తెలుసుకోవాలి?

తీగల రామం
మోడల్ నంబర్ పూర్తిగా రాసుకుని కంపెనీ సైటులో స్పెసిఫికేషన్ చూడండి. టైప్ సీ పక్కన డిస్‌ప్లేపోర్ట్ అని రాసి ఉండాలి. డేటా, చార్జింగ్ అని మాత్రమే ఉంటే లేనట్టే. పోర్టు పక్కన మెరుపు గుర్తుంటే థండర్‌బోల్ట్, దాంట్లో డిస్‌ప్లే వస్తుంది. కాకపోతే కొందరు చార్జింగ్‌కీ అలాంటి గుర్తే వేస్తారు, కాబట్టి గుర్తు చూసి ఆగిపోకుండా కాగితం చదవండి.