పామాయిల్ చెట్టుకు ఎరువు పాదులోనా, మట్టల కుప్ప కిందనా?

పల్లెతోట:
మాది ముదురు పామాయిల్ తోట. చెట్టుకు ఏడాదికి 1200 గ్రాముల నత్రజని, 600 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ చొప్పున ఇస్తున్నాం. మోతాదు సంగతి అలా ఉంచండి, నా తగవు చోటు గురించి. మేము మొదటి నుంచీ పాదులోనే వేస్తున్నాం. పక్క తోట రైతు మాత్రం నరికిన మట్టలు పేర్చిన వరసలో చల్లుతున్నారు. ఎరువు ఎక్కడ పడితే వేరు అక్కడికే వస్తుందని ఆయన వాదన. నిజంగా వస్తుందా?

గెలలబండి:
పాదే నయం. వేర్లన్నీ పుట్టేది మొద్దు నుంచే కదా. వరసల మధ్య చల్లితే సగం గడ్డి తింటుంది, మా తోటలోనైతే మిగతా సగం అంతరపంట కోకోకు పోతుంది.

ఎర్రనేల:
పుట్టేది మొద్దు నుంచే కానీ, తినేది అక్కడ కాదండి. పామాయిల్‌కు తల్లివేరు నిలవదు. మొద్దు అడుగు నుంచి లావు వేర్లు బయలుదేరి, వాటి నుంచి రెండో, మూడో, నాలుగో తరం వేర్లు చీలుతాయి. లావు వేర్లు గట్టిపడి చెట్టును నిలబెడతాయి. పోషకాలు పీల్చే పని ఎక్కువగా చివరి తరాల సన్న వేర్లదే. అవి చాలావరకు పైనున్న అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మట్టలు కుళ్లుతున్న చోట వాటిని ఒత్తుగా చూడవచ్చు. కుప్ప పక్కకు జరిపి మట్టి గీకి చూడండి.

ఇక వేరు వస్తుందా అంటే, ఏ ఎరువుకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1975లో డ్రూ అనే శాస్త్రవేత్త బార్లీ వేర్లలో కొంత భాగానికే పోషకాలు అందించి చూశారు. నత్రజని, భాస్వరం అందిన చోట పక్కవేర్లు గుబురుగా వచ్చాయి. పొటాష్‌కు అలా రాలేదు. పామాయిల్ బార్లీ కాదు, ఒప్పుకుంటాను. అయినా పొటాష్ పోసి వేర్లు నడిచి రావాలని ఎదురుచూడటం కన్నా, వేర్లున్న చోటికే దాన్ని చేర్చడం తెలివైన పని. పైగా అది ఉప్పు. ఒకేచోట గుమ్మరిస్తే లేత వేరు కొసలు మాడిపోతాయి.

గెలలబండి:
మరి ఎండు మట్టల మీద యూరియా చల్లితే గాలిలో కలిసిపోదా? ఆ నష్టం ఎవరు భరించాలి?

ఎర్రనేల:
యూరియా విషయంలో మీ మాటే నిజం. కుళ్లే ఆకుల మీద యూరియాను విడగొట్టే ఎంజైము ఎక్కువగా ఉంటుంది, అందులోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. కాబట్టి యూరియా తడి మట్టి మీదే పడాలి, వెంటనే నీరు పెట్టాలి. అలాగని ఏళ్ల తరబడి మొద్దు చుట్టూ ఒకే వలయంలో వేయకండి, అక్కడి నేల పులుపెక్కుతుంది.

నీటిగొట్టం:
అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. వేరు ముందు తడిని వెతుక్కుంటుంది. మట్టల కుప్పల వైపు వేయమనే సలహా మలేషియా తోటలది. అక్కడ ఏడాది పొడవునా వాన పడుతుంది, కుప్ప కింద ఎప్పుడూ పదునే. మన గోదావరి జిల్లాల తోటలు వేసవంతా మైక్రోజెట్ల మీదే, అంటే చెట్టు చుట్టూ నీరు చిమ్మే చిన్న గొట్టాల మీదే బతుకుతాయి. జెట్ చిమ్మే వలయం దాటితే ఏప్రిల్‌లో నేల నోరు తెరుస్తుంది. ఆ కుప్ప కింద వేసిన పొటాష్ వాన వచ్చేదాకా కరగదు. అక్కడి సలహాను ఇక్కడ అచ్చుగుద్దితే ఎలా?

పల్లెతోట:
అంటే వానాకాలంలో పొటాష్‌ను కుప్పల వైపు, వేసవిలో ఏది వేసినా తడి అంచు లోపలే. యూరియాకు వెంటనే నీరు. మూడేళ్లలోపు మొక్కల మాటేమిటి?

ఎర్రనేల:
వాటికి పాదులోనే, మొదలుకు తగలకుండా. వేరు ఇంకా వరస మధ్యకు చేరి ఉండదు. ముదురు తోటలో మాత్రం ఎరువు కలపాలని నాగలి తోలకండి, తెగేవి ఆ సన్న వేర్లే.

గెలలబండి:
సరే. ఏ ఎరువు ఏ నెలలో ఎక్కడ వేయాలో మా కూలీలకు చెప్పడానికి మీరే రండి. కోకో సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.