టర్బో మార్చాక 4,600 ఆర్‌పీఎం దాటితే రైల్ ప్రెషర్ పడిపోతోంది

1.8 లీటర్ డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్. పెద్ద టర్బో వేసి, దానికి తగ్గ మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు) ఎక్కించాను. వాడేది బంకులో దొరికే ఈ20 (20% ఇథనాల్ కలిపిన పెట్రోల్).

మూడో గేర్‌లో ఫుల్ త్రాటిల్, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) 1.6 బార్: 4,600 వరకు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టంలోని ఒత్తిడి) మ్యాప్ అడిగినంత, 200 బార్ ఉంటోంది. ఆపైన జారి 5,500 దగ్గర 140కి వస్తోంది. లాంబ్డా (గాలి-ఇంధన నిష్పత్తి, అంకె పెరిగితే ఇంధనం తక్కువైనట్టు) టార్గెట్ 0.82 అయితే లాగ్‌లో 0.94. ఆ లోడ్‌లో ఇంత లీన్ (ఇంధనం తక్కువ) అంటే పిస్టన్లు కరిగే దారి, అందుకే అక్కడితో ఆపేశాను. బూస్ట్ 1.0కి తగ్గిస్తే 195 బార్ నిలుస్తోంది.

ఫిల్టర్, ట్యాంకులోని పంపు రెండూ కొత్తవి. పంపు కనెక్టర్ దగ్గర లోడ్‌లో 13.2 వోల్టులు. లో-ప్రెషర్ వైపు 5.5 బార్ కదలడం లేదు. హై-ప్రెషర్ పంపు విప్పి చూశాను, దాన్ని నడిపే ఫాలోయర్, క్యామ్ లోబ్ అరగలేదు. కాబట్టి ఈ హై-ప్రెషర్ పంపు సామర్థ్యమే చాలడం లేదని నా అంచనా. పైగా మామూలు పెట్రోల్ కంటే ఈ20కి అదే లాంబ్డాలో దాదాపు 8% ఎక్కువ ఇంధనం కావాలి.

ఈ20 మీద 1.6 బార్ బూస్ట్‌కి పెద్ద పిస్టన్ ఉన్న హై-ప్రెషర్ పంపు ఒక్కటి సరిపోతుందా, లేక మ్యానిఫోల్డ్‌లో అదనపు పోర్ట్ ఇంజెక్టర్లు కూడా వేయాల్సిందేనా?