ఫోన్ ట్యాపింగ్, అవినీతి ఫిర్యాదు: ఉద్యోగికి చట్టంలో ఉన్న రక్షణ ఎంత?

పెన్నాగట్టు
తెలంగాణ ట్యాపింగ్ కేసు వార్తలు మొదలైనప్పటి నుంచి ఆఫీసుల్లో ఎవర్ని కదిపినా ఇదే మాట. సూటిగా అడుగుతాను. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసే ఒక ఉద్యోగి చేతికి కాంట్రాక్టు బిల్లుల అక్రమాల కాగితాలు వచ్చాయనుకుందాం. అతని ఫోన్ వినాలంటే ఎవరు సంతకం పెట్టాలి, ఎన్నాళ్లు వినొచ్చు? వింటున్నారో లేదో తెలుసుకునే దారి ఉందా? పేరు బయటికి పొక్కకుండా ఫిర్యాదు ఎక్కడ, ఎలా ఇవ్వాలి? ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి తెలుసు. ఆచరణలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పగలరు.

వకాలతు
మొదటి ప్రశ్న వరకు చెప్తాను. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2) స్థానంలో ఇప్పుడు టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లోని సెక్షన్ 20(2) ఉంది. పాత 419ఎ నియమం బదులు 2024 డిసెంబర్ 6న కొత్త నియమాలు వచ్చాయి. చట్టం పేరు మారింది గానీ పద్ధతి దాదాపు పాతదే.

మామూలుగా ఉత్తర్వు ఇవ్వాల్సింది కేంద్రంలో అయితే కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రంలో అయితే రాష్ట్ర హోం కార్యదర్శి. ఎస్పీ గానీ కమిషనర్ గానీ తనంతట తాను ఇవ్వడానికి లేదు. అత్యవసరమైతే రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని అధికారి ముందు మొదలుపెట్టొచ్చు. కానీ 3 పనిదినాల్లో హోం కార్యదర్శికి తెలపాలి, 7 పనిదినాల్లో ఆమోదం రావాలి. రాకపోతే వినడం ఆపేయాలి. అప్పటిదాకా విన్నది సాక్ష్యంగా సహా దేనికీ వాడకూడదు, 2 పనిదినాల్లో చెరిపేయాలి. సాక్ష్యంగా పనికిరాదని ఇంత స్పష్టంగా రాయడం కొత్త నియమాల్లోని మెరుగు. మిగతా చాలా భాగం పాతదాన్ని దించేశారు.

ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఉత్తర్వులో కారణం రాయాలి, 7 పనిదినాల్లో సమీక్ష కమిటీకి పంపాలి. రాష్ట్రంలో ఆ కమిటీ అంటే ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోం కాకుండా ఇంకో శాఖ కార్యదర్శి. కమిటీ రెండు నెలలకోసారైనా కూర్చోవాలి.

అసలు లోపం ఇక్కడే ఉంది. అడిగేది, అనుమతించేది, సమీక్షించేది అంతా ప్రభుత్వ అధికారులే. జడ్జి ఎక్కడా లేడు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996లో వచ్చిన తీర్పులో ముందస్తు న్యాయ పరిశీలన కావాలని పిటిషనర్లు అడిగితే, చట్టంలో ఆ ఏర్పాటు లేదని చెప్పి సుప్రీంకోర్టు ఈ కమిటీ పద్ధతి పెట్టింది. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోందని 2013లో ఒక ఆర్టీఐ జవాబులో వచ్చింది. రెండు నెలలకోసారి కూర్చునే ముగ్గురు కార్యదర్శుల ముందుకు 15 వేలకు పైగా ఫైళ్లు వస్తాయన్నమాట. ఎన్ని చదువుతారో మీరే లెక్కేసుకోండి.

ఇంకొకటి. కారణంగా ఏదంటే అది రాయడానికి లేదు. ముందు 'పబ్లిక్ ఎమర్జెన్సీ' లేదా 'ప్రజా భద్రత' అనే గడప దాటాలి. ఆ తర్వాతే దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపణ అన్నవాటిలో ఒకటి చూపాలి. లంచం కేసు కోసం 2011లో ఇచ్చిన ఒక ట్యాపింగ్ ఉత్తర్వును మద్రాసు హైకోర్టు 2025 జులైలో సరిగ్గా ఈ గడప దగ్గరే కొట్టేసింది. అంతకు కొద్దిరోజుల ముందు ఢిల్లీ హైకోర్టు మాత్రం భారీ అవినీతి ప్రజా భద్రత కిందికి రావచ్చని ఇంకో కేసులో ఉత్తర్వును నిలబెట్టింది. కాబట్టి ఏ హైకోర్టులో ఉన్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

లైన్‌మ్యాన్
రెండో ప్రశ్నకు నా జవాబు: చట్టబద్ధమైన ట్యాపింగ్‌ను హ్యాండ్‌సెట్ చూసి పట్టుకోలేరు. కాల్ కాపీ అయ్యేది కంపెనీ స్విచ్ దగ్గర. ఫోన్‌కు ఆ సంగతే తెలియదు. బ్యాటరీ వేడెక్కడం, మధ్యలో టిక్కుటిక్కుమనడం, గొంతు ప్రతిధ్వనించడం ఇవేవీ గుర్తులు కావు. యూట్యూబ్‌లో చెప్పే *#21# కాల్ ఫార్వర్డింగ్ ఉందో లేదో చూపిస్తుంది, అంతే. పాత పద్ధతిలో ఉత్తర్వు కాగితం కంపెనీ నోడల్ అధికారికి చేరేది, ఆయన నంబరు ఎక్కించేవాడు. ప్రభుత్వమే నడిపే సెంట్రల్ మానిటరింగ్ సిస్టమ్ వచ్చాక కంపెనీ మనిషి చేయి పడకుండానే పని జరిగేలా ఏర్పాటు చేశారు. అక్రమ ట్యాపింగ్‌కు అడ్డుపడే అవకాశమున్న బయటి మనిషి ఒకడు తగ్గిపోయాడు.

జనం కలిపేసే మూడు విషయాలు విడదీసి చూడండి.

కాల్ డేటా, అంటే ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి చేశారన్నది. దీనికి హోం కార్యదర్శి ఉత్తర్వు అక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద పోలీసులు తెప్పించుకుంటారు. కంపెనీలు రెండేళ్లు దాచాలి (2021 డిసెంబర్‌కు ముందు ఏడాదే). అవినీతి కాగితం పత్రికలో వస్తే మొదట తీసేది ఇదే. విలేఖరి నంబరుకు ఆ వారం ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేశారు? మాటలు వినక్కర్లేదు, జాబితా చాలు.

రెండోది కాల్, ఎస్సెమ్మెస్ వినడం, చదవడం. వాట్సాప్, సిగ్నల్ మాటలు స్విచ్ దగ్గర అర్థం కావు. కానీ ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. ఎస్సెమ్మెస్ చదవగలిగినవాడు మీ నంబరుతో ఇంకో ఫోన్‌లో ఖాతా తెరవగలడు. అందుకే వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ పెట్టుకోవాలి. వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్తుంటే దానికి విడిగా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయాలి. చాలామంది చేయరు.

మూడోది పెగాసస్ లాంటి స్పైవేర్, ఫోన్‌లోనే కూర్చునేది. దీనికి మాత్రం కొన్నిసార్లు ఆనవాళ్లు దొరుకుతాయి. సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ కనబడింది, అది పెగాససే అని తేలలేదు. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్ల మొబైల్ వెరిఫికేషన్ టూల్‌కిట్ అనే ఉచిత సాధనం ఐఫోన్ బ్యాకప్‌ను తెలిసిన గుర్తులతో పోల్చి చూస్తుంది. 'ఏమీ దొరకలేదు' అంటే 'ఏమీ లేదు' అని కాదు. స్పైవేర్ దాడి గురించి ఆపిల్ నుంచి హెచ్చరిక వస్తే ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, అక్కడే ఆధారం పోతుంది. ముందు బ్యాకప్ తీయించండి, తర్వాత ఐఫోన్‌కు రక్షణ పెంచే లాక్‌డౌన్ మోడ్.

కవర్‌సీల్
మూడోది నాకు వదిలేయండి, విజిలెన్స్ ఫైళ్లు చూసే పని నాది.

విజిల్ బ్లోయర్స్ (అక్రమాలు బయటపెట్టేవారి) రక్షణ చట్టం 2014 మేలో రాష్ట్రపతి సంతకం అయింది. అమలు తేదీ నోటిఫై చేయకపోవడంతో కాగితం మీదే ఉంది. దాన్ని నమ్ముకుని అడుగు వేయకండి. కేంద్ర ఉద్యోగులకు పనికొచ్చేది 2004 ఏప్రిల్ నాటి పీఐడీపీఐ (ప్రజాహితం కోసం సమాచారం ఇచ్చేవారి రక్షణ) తీర్మానం. జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు గోప్యంగా ఉంచమని ప్రధాని కార్యాలయానికి రాసిన లేఖ పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది, 2003 నవంబర్‌లో ఆయన్ను గయలో చంపేశారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు గట్టిగా అడిగితే వచ్చిందీ తీర్మానం.

విధానం ఇదీ. ఫిర్యాదు మూసిన కవర్‌లో పెట్టాలి. కవర్ మీద పీఐడీపీఐ (PIDPI) అని ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసి, కార్యదర్శి, కేంద్ర విజిలెన్స్ కమిషన్, సతర్కతా భవన్, న్యూఢిల్లీకి పంపాలి. కవర్ మీద మీ పేరు, ఊరు ఉండకూడదు. ఇలాంటి కవర్లకు పంపినవారి వివరాలు అడగొద్దని తపాలా శాఖ ఆదేశాలిచ్చింది. పేరు, చిరునామా లోపల ఫిర్యాదు మొదట్లోనో చివర్లోనో, లేదా విడిగా జతచేసిన కాగితం మీదో రాయాలి. విడి కాగితమే మేలు. అసలు పేరు లేకపోతే ఆకాశరామన్న ఉత్తరం కింద పక్కన పడేస్తారు. ముట్టినట్టు రసీదు రాదు. కొన్నాళ్లకు ఫిర్యాదు మీదేనా అని అడుగుతూ కమిషన్ మీ చిరునామాకు లేఖ రాస్తుంది. దానికి గడువులోగా జవాబు ఇవ్వకపోతే ఫైలు ముందుకు కదలదు. చిరునామా ఆఫీసు క్వార్టర్‌ది ఇచ్చి, ఆ లేఖ టపా గుమాస్తా చేతిలో పడితే ఇంతా చేసిన జాగ్రత్త వృథా.

ఎక్కడ చెడుతుందంటే, అదే విషయం మంత్రికి, ఎంపీకి, సీఎండీకి కూడా కాపీలు పంపుతారు. అప్పుడు మీ పేరు మీరే బయటపెట్టినట్టు, గోప్యత అడిగే హక్కు ఉండదు. ఈమెయిల్‌లో పంపకూడదు. "ఫలానా తేదీన నేను నోట్‌ఫైల్‌లో అభ్యంతరం రాశాను" అని రాస్తే సంతకం పెట్టినట్టే కదా! ఎవరో చెప్పినట్టు కాకుండా, ఫైలే మాట్లాడినట్టు రాయాలి: ఎంబుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నంబరు, పేజీ, కొలత ఇంత, బిల్లులో వేసింది ఇంత, చెల్లించిన తేదీ. మూలం మీరే అని చెప్పే కాగితం జత చేయకండి. ముగ్గురికే వెళ్లిన సర్క్యులర్ జత చేస్తే అనుమానితులు ముగ్గురే. అది విచారణలో తెప్పించుకోమని ఫైలు నంబరు ఇస్తే సరిపోతుంది.

ఆఫీసు ప్రింటర్‌లో తీయకండి, ఎవరి లాగిన్‌తో ఏ ఫైలు ఎప్పుడు ప్రింటయిందో సర్వర్‌లో ఉంటుంది. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కలతో మిషన్ సీరియల్ నంబరు ముద్రిస్తాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే చోటు, సమయం ఫొటోలోనే ఉంటాయి. ఈ-ఆఫీసులో మీకు పని లేని ఫైలు తెరిచి చూసినా లాగ్ పడుతుంది. ఎక్కువమంది దొరికేది ట్యాపింగ్ వల్ల కాదు, ఇలాంటి చిన్న జాడల వల్లే.

పెన్నాగట్టు
ధన్యవాదాలు. రెండు అనుబంధ ప్రశ్నలు. రాష్ట్ర ప్రభుత్వ శాఖలో ఉద్యోగి అయితే? నా నంబరు ట్యాప్ అయిందా అని ఆర్టీఐ వేస్తే ఏమైనా వస్తుందా?

దరఖాస్తు
వ్యక్తిగత నంబరు గురించి ఆర్టీఐ వేస్తే సెక్షన్ 8(1)(ఎ), (హెచ్), అంటే దేశ భద్రత, దర్యాప్తుకు ఆటంకం అనే కారణాలు చూపించి తిప్పి పంపుతారు. ఇంటెలిజెన్స్ విభాగాలైతే తమను ఆర్టీఐ నుంచి మినహాయించే సెక్షన్ 24 చూపిస్తాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల విషయంలో ఆ మినహాయింపు వర్తించదని గుర్తుచేస్తూ మొదటి అప్పీలు వేయొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ద్వారా టెలికాం కంపెనీని అడిగించే దారి ఉండేది, ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2023లో దాన్ని మూసేసింది. అందుకే ప్రశ్న మార్చండి. హోం శాఖను ఇలా అడగండి: ఫలానా సంవత్సరంలో సమీక్ష కమిటీ ఎన్నిసార్లు, ఏ తేదీల్లో కూర్చుంది, ఎన్ని ఉత్తర్వులు దాని ముందుకు వచ్చాయి, ఎన్నిటిని రద్దు చేసింది. పేర్లు లేని లెక్కలకు భద్రత సాకు నిలబడటం కష్టం. ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ జవాబు రిట్ పిటిషన్‌లో పనికొస్తుంది.

వకాలతుగారి పోస్టుకు ఒక చేర్పు. నియమాలు తప్పి విన్నదైనా సాక్ష్యంగా తీసుకునే వాదన బతికే ఉంది. 1972 నాటి మల్కానీ తీర్పు ఇప్పటికీ ప్రాసిక్యూషన్ మొదట తీసే ఆయుధం.

వకాలతు
నిజమే, కానీ మల్కానీ నాటికి ప్రైవసీ ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జిల తీర్పు లేదు. మన హైకోర్టు ఆ తొమ్మిది మంది తీర్పుకన్నా ముందే దారి వేసింది. కె.ఎల్.డి. నాగశ్రీ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నియమాల ప్రకారం సమీక్ష జరగని ట్యాపింగ్ సంభాషణలు సాక్ష్యంగా చెల్లవంది. 2019లో బాంబే హైకోర్టు కూడా అక్రమ రికార్డింగులను చెరిపేయమంది. తీర్పులు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి కేసు వస్తే మొదటి రోజే కాగితాలు అడగాలి: ఉత్తర్వు నకలు, పొడిగింపులు, సమీక్ష కమిటీ తీర్మానం. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 61వ రోజు సంభాషణ ఉండి, పొడిగింపు ఉత్తర్వు 63వ రోజుదైతే అక్కడే పట్టు దొరుకుతుంది. రికార్డులు ఆరు నెలలకోసారి చెరిపేయమని నియమం ఉంది కాబట్టి రిట్‌లో మొదటి మధ్యంతర కోరిక 'రికార్డులు భద్రపరచండి' అనే ఉండాలి. తెలంగాణ కేసులో ఆరోపణే అది: 2023 డిసెంబర్ ఫలితాలు రాగానే ఎస్ఐబీ (రాష్ట్ర పోలీసుల ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగం)లో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని. ఆ ఆరోపణ కోర్టులో తేలాలి. అక్రమంగా విన్నవారికి 2023 చట్టం సెక్షన్ 42 కింద మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా ఉంది.

కవర్‌సీల్
రాష్ట్ర ఉద్యోగి మీద ఫిర్యాదుకు పీఐడీపీఐ వర్తించదు. ఢిల్లీకి పంపితే ఆ కవర్‌కు గోప్యత రక్షణ ఉండదు. ఏసీబీ, రాష్ట్ర విజిలెన్స్, లోకాయుక్త ఉన్నాయి. లోకాయుక్తకు ప్రమాణపత్రంతో ఇవ్వాలి, కనుక పేరు దాచడం కుదరదు. లంచం అడుగుతున్న కేసైతే ఏసీబీ. పాత బిల్లుల అక్రమాలైతే నిర్ణయం తీసుకున్న అధికారిపై విచారణకు అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 17ఎ కింద ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి, ఆ అనుమతి ఫైలు తిరిగే దారిలోనే విషయం బయటికి పొక్కుతుంది. మూలం తెలియకూడదనుకుంటే కాగ్ పరిధిలోని అకౌంటెంట్ జనరల్ ఆడిట్ మొదలయ్యే ముందు ఫైలు నంబర్లు వాళ్లకు అందేలా చూడటం ఒక మార్గం. ఆడిట్ పేరా వచ్చిందంటే అది ఆడిటర్ పట్టుకున్నట్టే ఉంటుంది.

ఎలక్ట్రానిక్ ఫైలు ఏదైనా ఉంటే తెరిచి, సేవ్ చేసి, పేరు మార్చి పాడు చేయకండి. అసలు కాపీని ఒక కొత్త పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రంలో ఆ హ్యాష్ అడుగుతారు. దానిలో రెండు భాగాలు: ఒకటి ఫైలు ఇచ్చేవారు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. రెండో భాగం ఖాళీగా వదిలేస్తే ఎదుటి లాయరు మొదట పట్టుకునేది అదే.