పాత 407: సెల్ఫ్ టక్ అంటుంది, తిరగదు

ఓనర్_కమ్_డ్రైవర్:
పాత టాటా 407 మినీ లారీ, 12 వోల్టుల బండి, కేబుల్ లాగి ఇంజిన్ ఆపే రకం. కీ తిప్పితే సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) దగ్గర ఒక్క "టక్", అంతే. టాప్ గేర్‌లో వేసి బండిని అటూ ఇటూ కదిపితే ఒక్కోసారి పట్టుకుంటుంది, ఒక్కోసారి లేదు. ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకా ఎక్కువ. బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ కొసనుండే చిన్న గేరు, పినియన్, ఇరుక్కుంటోందా, దాన్ని తోసి మోటారుకి కరెంటు కలిపే సోలినాయిడ్ పోయిందా, విప్పకుండా ఎలా తేల్చాలి? ఎలాగూ ఖర్చు తప్పదంటే లోపల గేర్లతో బలం పెంచే గేర్ రిడక్షన్ సెల్ఫ్ వేయించుకోవడం మేలా?

డీజిల్_పొగ:
మిగతావి తర్వాత. బండి కదిపే ముందు స్టాప్ నాబ్ పూర్తిగా లాగి ఉంచండి. ఈ బండ్లలో కీ తీసేసినా పంపు డీజిల్ కొడుతూనే ఉంటుంది. గేర్‌లో ఉండగా ఇంజిన్ అందుకుందంటే ముందు నిలబడినవాడి మీదికి వస్తుంది. సమమైన నేల, చక్రాల దగ్గర రాళ్లు, క్యాబిన్‌లో బ్రేకు మీద ఒక మనిషి. లోడు ఉంటే ఆ పనే పెట్టుకోవద్దు.

ఆటోనగర్_సెల్ఫ్:
ఒక్క టక్ అంటే సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలాయని. టకటకటక అని కొట్టుకుంటే బ్యాటరీ డౌన్, లేదా సోలినాయిడ్‌ని లోపలికి పట్టి ఉంచే హోల్డింగ్ కాయిల్ తెగింది. చప్పుడే లేకపోతే కీ నుంచి వచ్చే సన్న వైరు. మోటారు బాడీ మీద సుత్తితో రెండు తట్టండి, తిరిగిందంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అయిపోయినట్టే. ఈ పనిలోనే పుట్టి పెరిగాం, చెవితో చెప్తాం. మీటర్లూ గీటర్లూ కుర్రాళ్లకి.

మల్టీమీటర్:
అన్నా, ఒక్క టక్‌కి కాంటాక్టులు ఒక కారణం మాత్రమే. కార్బన్లు అరిగినా, పినియన్ ఇరుక్కున్నా, ఇంజినే పట్టేసినా, ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి, సరిగా లేకపోయినా అదే టక్. చెవికి తేడా ఏం తెలుస్తుంది?
ఓనర్ గారూ, మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒకరు కీ తిప్పి పట్టుకోవాలి. మొదటిది, బ్యాటరీ పోస్టుల మధ్య. రెండోది, బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మీద లావు కేబుల్ బోల్టుకి. మూడోది, బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీకి. మీటర్ వైరు ముల్లు పోస్టుకే తగలాలి, క్లాంపుకి కాదు. రెండోది 0.5 దాటకూడదు, మూడోది 0.3 దాటకూడదు. కీ పది సెకన్లకు మించి పట్టొద్దు, మధ్యలో రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

ఖమ్మం_రూటు:
సుత్తి మాట లోపల మాగ్నెట్ బదులు వైరు చుట్టలుండే పాత ఫీల్డ్ కాయిల్ మోటార్లకే. ఇప్పుడొచ్చే మాగ్నెట్ సెల్ఫ్‌లని కొడితే లోపల మాగ్నెట్ పగుల్తది, ముక్కపోయి లోపల తిరిగే ఆర్మేచర్‌కి అడ్డం పడ్తది. తట్టినా చెక్క పిడితోనే, మోటారు మీదనే. సోలినాయిడ్ మూత బేకలైటు, దాని మీద పడితే అయిపాయె.

ఆటోనగర్_సెల్ఫ్:
407 పాతదని ఆయనే రాశాడుగా. మాగ్నెట్ సంగతి ఎవరడిగారు?

రింగ్‌గేర్:
కదిపితే పట్టుకుంటోందంటే నా అనుమానం ఇంజిన్ వెనకుండే చక్రం, ఫ్లైవీల్, చుట్టూ ఉన్న పళ్ల రింగు మీదే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగినప్పుడల్లా ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఏదో ఒక దగ్గరే ఆగుతుంది. ఆరు సిలిండర్లదైతే మూడు చోట్లు. పినియన్ ఎప్పుడూ ఆ పళ్లనే కొడుతుంది, అక్కడే అరుగుతాయి. సెల్ఫ్ దించిన కన్నంలోంచి టార్చి వేసి, క్రాంకు పుల్లీ నట్టుకి స్పానర్ పెట్టి చుట్టూ తిప్పి చూడండి. పళ్ల అంచు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే రింగు మార్చాలి.
ఖర్చు వద్దంటే అదే రింగును వేడి చేసి తీసి, నాలుగు సిలిండర్లకి పావు చుట్టు జరిపి ఎక్కించవచ్చు. కానీ గేర్‌బాక్సు దించాలి. ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు, క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా చూసుకోవాలి. ఆ సీలు కారితే ఆయిలూ క్లచ్ పొడీ కలిసి పినియన్ మీద జిగురు కడతాయి.

డీజిల్_పొగ:
రింగు ఎక్కించేటప్పుడు గ్యాస్ టార్చితో ఎర్రగా కాల్చేవాళ్లున్నారు, పళ్ల గట్టిదనం పోయి ఏడాది తిరక్కుండానే అరుగుతాయి. లోపలి అంచు చుట్టూ సమంగా కాల్చాలి, లేత గడ్డి రంగు దాటనివ్వకూడదు. పళ్ల అంచు ఏటవాలుగా కోసిన వైపు, చాంఫర్, సెల్ఫ్ వైపుకే ఉండాలి. తిరగేసి వేస్తే కొత్త రింగైనా ఇరుక్కుంటుంది.

ఆటోనగర్_సెల్ఫ్:
సెల్ఫ్ దించితే ఊరికే ఎక్కించొద్దు. కార్బన్లు రాసుకునే కమ్యుటేటర్ లేతులో పెట్టి, దాని రాగి పట్టీల మధ్య కరెంటు దాటకుండా ఆపే మైకాని అర మిల్లీమీటరు లోతు గీయించండి. లేకపోతే కార్బన్ ఎగిరెగిరి పడుతుంది.

కమ్యుటేటర్:
అయ్యా, ఇదే నేను ఒప్పుకోను. పాత లూకాస్ కంపెనీ రకం స్టార్టర్లకి (సెల్ఫ్‌లకి) మైకా గీయకూడదు. వాళ్ల వర్క్‌షాప్ పుస్తకాల్లో సూటిగానే ఉంటుంది. బ్యాటరీ ఛార్జి చేసే డైనమోకి గీయాలి, స్టార్టర్‌కి వద్దు. స్టార్టర్ కార్బన్‌లో రాగి పాలు ఎక్కువ. గీసిన గాడిలో ఆ పొడి నిండితే పట్టీకి పట్టీకి షార్టు.

ఆటోనగర్_సెల్ఫ్:
పుస్తకం చదివినవాడు చేతికి గ్రీజు అంటించుకోడు. గీయకపోతే రాగి అరిగి మైకా పైకి లేస్తుంది, అప్పుడు కార్బన్ తగిలేది మైకాకి, రాగికి కాదు.

కమ్యుటేటర్:
లేతులో రాగీ మైకా కలిపి సమానంగా కోస్తే పైకి లేచేది ఎక్కడ? స్టార్టర్ తిరిగేది రోజుకి కొన్ని సెకన్లు. రోజంతా తిరిగే డైనమో లెక్క దీనికి కట్టొద్దు. కోత అయ్యాక సన్న గ్లాస్ పేపర్‌తో మెరుగు పెట్టి, పెట్రోలు గుడ్డతో తుడిస్తే చాలు. ఎమరీ వాడొద్దు, ఆ రవ్వ రాగిలో దిగి కార్బన్‌ని తినేస్తుంది.

ఖమ్మం_రూటు:
బాష్ కంపెనీ రకానికి గీయాలనే ఉంటది కదా. మోటారు మీది ప్లేటు చూడకుండ ఇద్దరూ కొట్టుకుంటున్రు.

ఆటోనగర్_సెల్ఫ్:
కొట్టుకోవడం కాదు తమ్ముడూ, తెలిసినవాడికి తెలియనివాడు పాఠం చెప్తుంటే కడుపు మండుతోంది.

కమ్యుటేటర్:
ఎవరికి తెలియదో కార్బన్లే చెబుతాయి. కొత్తదాంట్లో సగానికి అరిగితే మార్చాలి, నాలుగూ ఒకేసారి. స్ప్రింగు నీలం రంగు తిరిగితే అదీ మార్చాలి. ఇవి వదిలేసి మైకా మీద పడ్డారు.

ఓనర్_కమ్_డ్రైవర్:
మీటర్ పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.5. కీ తిప్పి టక్ అన్నప్పుడు 11.9. పాజిటివ్ వైపు 0.3. నెగటివ్ వైపు 3.4.

మల్టీమీటర్:
దొరికింది. మోటారు నిజంగా ఇరుక్కుని ఉంటే కాంటాక్టులు కలవగానే విపరీతంగా కరెంటు లాగి బ్యాటరీని 9 కిందికి దించేది. 11.9 దగ్గర నిలబడిందంటే లాగడానికే దారి లేదు. అదే కాంటాక్టులో కార్బన్లో మాత్రమే పోయుంటే ఎర్త్ వైపు అంత వోల్టేజీ పడదు. కరెంటు వెళ్తోంది, ఎర్త్ దారిలో 3.4 తినేస్తోంది. మోటారుకి మిగిలింది 8.2. పన్ను మీద పన్ను పడిన చోట తోసుకుని లోపలికి వెళ్లేంత బలం ఉండదు. కదిపితే పన్ను సందు దొరికి వెళ్తుంది.
ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్ నుంచి ఇంజిన్‌కో గేర్‌బాక్సుకో అల్లిక ఎర్త్ పట్టీ ఉండాలి. అది ఉందా, తెగిందా? యాక్సిలరేటర్ కేబుల్, స్టాప్ కేబుల్ తొడుగు ఎక్కడైనా కరిగిందా చూడండి. పట్టీ తెగితే కరెంటు వాటి గుండా వెళ్తుంది.

ఓనర్_కమ్_డ్రైవర్:
స్టాప్ కేబుల్ తొడుగు ఇంజిన్ వైపు కొసన కరిగి ఉంది. పట్టీ ఒక కొసన నాలుగు పోగులు మిగిలాయి.

డీజిల్_పొగ:
ఆ స్టాప్ కేబుల్ కూడా మార్చేయండి. లోపల పట్టేసిందంటే ఇంజిన్ ఆపలేరు.

రింగ్‌గేర్:
అయినా రింగు చూడండి. తక్కువ వోల్టేజీతో అన్నాళ్లు పన్ను మీద పన్ను కొట్టుకుంది, ఆ రెండు చోట్లూ బాగుండవు.

ఖమ్మం_రూటు:
కేబుల్ కొనేటప్పుడు కొస కోసి చూడున్రి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న సరుకు అగ్గువకు అమ్ముతున్రు. గోకితే తెల్లగ వస్తది. 50 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీసుకోవాలె. కేబుల్ కొసకి వేసే లగ్గు సుత్తితో చదును చేస్తే ఆరు నెలలకి లోపల పచ్చబడ్తది, ప్రెస్సు కొట్టించున్రి. ఛాసిస్ మీద బోల్టు కూసునే జాగల పెయింటు గీకి, బిగించినంక పైన గ్రీజు రాయాలె.

కమ్యుటేటర్:
సెల్ఫ్ కూర్చునే ఫ్లాంజి మీది పెయింటు కూడా గీకాలి. పెయింటు కొట్టిన రిపేరు మోటారు ఎక్కిస్తే ఎర్త్ బోల్టుల మీదే ఆధారపడుతుంది. ఇంకోటి, పినియన్ వెనకుండే చిన్న క్లచ్‌ని డీజిల్లో ముంచి కడగొద్దు, లోపలి గ్రీజు పోయి ఒట్టిగా తిరుగుతుంది. గుడ్డతో తుడవండి. షాఫ్టు మర మీద గ్రీజు పూస్తే క్లచ్ పొడి అంటుకుని పినియన్ వెనక్కి రాదు.

ఆటోనగర్_సెల్ఫ్:
ఆర్మేచర్ కొసలు తిరిగే బుష్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదే. వేడి మీద ఎక్కువ అన్నాడుగా. బుష్ అరిగి ఆర్మేచర్ వాలితే చుట్టూ ఉండే ఇనుప దిమ్మకి, పోల్ షూకి, రాసుకుంటుంది. విప్పినప్పుడు ఆర్మేచర్ మీద మెరిసే గీత కనపడితే అదే. కొత్త బుష్ రాత్రంతా ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి వేయాలి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటే చూపించండి.

కమ్యుటేటర్:
అన్నిట్లోనూ ఉంది.

ఓనర్_కమ్_డ్రైవర్:
పట్టీ మార్చాను, నెగటివ్ వైపు ఇప్పుడు 0.2. వేడి మీదా తిరుగుతోంది. అప్పుడప్పుడు గరగర మని పళ్ల చప్పుడు మాత్రం ఉంది. గేర్ రిడక్షన్ సెల్ఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రింగ్‌గేర్:
ఆ గరగర రింగుదే. ముందు సెల్ఫ్ బోల్టులు బిగుతుగా ఉన్నాయా చూసి, తర్వాత టార్చి వేయండి. అరిగిన రింగు మీద గేర్ రిడక్షన్ వేస్తే కొత్త పినియన్ కూడా పోతుంది.

సిరిసిల్ల_టిప్పర్:
మధ్యల వస్తున్న, ఏమనుకోకున్రి. కీ వదిలినా మా బండికి సెల్ఫ్ ఆగుతలేదు, తిరుగుతనే ఉంటది. ఏం జేయాలె?

మల్టీమీటర్:
సోలినాయిడ్ కాంటాక్టులు అతుక్కున్నాయి. వెంటనే బ్యాటరీ ఎర్త్ క్లాంపు పీకండి, ఆలస్యమైతే ఆర్మేచర్ కాలుతుంది. ముందు పాజిటివ్ విప్పబోతే స్పానర్ ఛాసిస్‌కి తగిలి నిప్పులు రాలుతాయి. వాచీ, ఉంగరం తీసేయండి.

ఆటోనగర్_సెల్ఫ్:
కీ స్విచ్ కూడా చూడాలి. సన్న వైరు పీకాక కూడా తిరుగుతుంటేనే సోలినాయిడ్. ఈ మాట మీటర్ చెప్పలేదు.