వలస స్త్రీ కష్టం కనబడాలంటే బొమ్మలో ఆమె ఏడవాల్సిందేనా?

కుంచె:
రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన స్త్రీల మీద పన్నెండు చిత్రాలు వేశాను. ప్రదర్శనలో అమ్ముడుపోయింది ఒక్కటే: కిటికీ ఊచలు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకునే స్త్రీ. అక్కడ ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చిన ఒకావిడ దాన్ని చూసి, "కిటికీ దగ్గర నిలబడే తీరిక ఎక్కడిది నాయనా? ఏడుపొస్తే బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాళ్లం" అన్నారు. తప్పు చేశానా?

కోనసీమ కబుర్లు:
తప్పేమిటండీ? ఆ కన్నీళ్లు లేకపోతే మిగతా పదకొండింటిలాగే దీన్నీ దాటిపోయేవారు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని కేంద్రం నిబంధన పెట్టింది. విజిట్ వీసా మీద దాన్ని తప్పించే ఏజెంట్లు ఉండనే ఉన్నారు. ఇంత అన్యాయాన్ని అందంగా, మౌనంగా వేస్తే ఎవరికి పట్టింది?

పాత గోడ:
అమెరికా నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1941లో ముగించిన వలస చిత్రాలు చూడండి. అమెరికా దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు తరలిపోయిన నల్లజాతి వారి మీద మొత్తం 60. యాభై ఏడోది బట్టలు ఉతికే స్త్రీ. తెల్ల గౌను, రెండు చేతుల్లో నిలువుగా పొడవాటి కర్ర, చుట్టూ రంగురంగుల గుడ్డలు. తల వాల్చి ఉంటుంది. కన్నీటి చుక్క లేదు, అయినా ఆ కర్రను చూస్తే నా భుజాలు లాగుతాయి. లారెన్స్ తల్లీ ఇళ్లలో పనిచేసినావిడే. పిల్లల్ని ఫిలడెల్ఫియాలో పరాయి ఇంట ఉంచి న్యూయార్కులో చాకిరీ చేసింది. పదమూడేళ్లు వచ్చాక గానీ అతను అమ్మ దగ్గరికి చేరలేదు. మన గల్ఫ్ తల్లుల పిల్లలు గుర్తుకు రావడం లేదా?

కోనసీమ కబుర్లు:
వస్తున్నారు. కానీ లారెన్స్ ప్రతి బొమ్మకూ ఒక వాక్యం జోడించాడు, అది మరిచిపోతున్నారు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉందని కర్ర ఎలా చెబుతుంది?

రాయచోటి అబ్బాయి:
ఇది మాత్రం ఒప్పుకుంటాను, కింద రాయాల్సిందే. మా అమ్మది ఖాదిం వీసా, అంటే ఇంటిపని వీసా. ఆ ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదట, ఖద్దామా, అంటే పనిమనిషి, అనేవారట. తిరిగొచ్చి ఆరేళ్లయింది. ఇప్పటికీ వంటగట్టుకు ఆనుకుని నిలబడే అన్నం తింటుంది. కూర్చోమంటే అరగదంటుంది. కుంచె గారి కిటికీ బొమ్మ ఫోనులో చూపిస్తే "ఎవరో పాపం" అని ఫోను తిరిగి ఇచ్చేసింది. అన్నట్టు, ఆ బొమ్మ కొన్నవారి ఇంట్లో పనిమనిషికి టీ ఏ గ్లాసులో ఇస్తారో!

కుంచె:
ఆ మాట గట్టిగానే తగిలింది. అబ్బాయి గారూ, అమ్మగారు పళ్లెం ఏ చేత్తో పట్టుకుంటారు?

రాయచోటి అబ్బాయి:
పట్టుకోదండీ. పళ్లెం గట్టు మీదే ఉంటుంది. ఎడమచేతిలో గట్టు తుడిచే గుడ్డ.